తిరుగు టికెట్టు అపొస్తలులు

అమెరికాలో ఫిబ్రవరి దాటిందంటే చర్చి చర్చి నుంచీ ఒక ఉత్తరం బయల్దేరుతుంది. రాసేవాడికి పదిహేడేళ్ళుంటాయి, లేకపోతే కొత్తగా రిటైరయి ఉంటాడు. ఎవరు రాసినా ఉత్తరం మాత్రం ఒకటే. దేవుడు తనకి థాయిలాండ్ మీద భారం కలిగించాడు. (థాయిలాండ్ అన్నచోట కెన్యా అనుకోవచ్చు, హోండూరస్ అనుకోవచ్చు.) ఆ భారం జూన్ రెండోవారంలో నెత్తికెక్కి సరిగ్గా పది రోజులకి దిగిపోతుంది. ఈలోపు అక్కడ తమ సంఘం పోషిస్తున్న మిషనరీ కుటుంబాన్ని దర్శించి, ఆదరించి, బలపరిచి రావాలి. అందుకు ప్రార్థన కావాలి. కొన్ని వేల డాలర్లు కూడా కావాలి. రెంటిలో ఒకటే కుదిరేవాళ్ళు ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక ఇబ్బంది పడకుండా, చెక్కు ఎవరి పేరిట రాయాలో ఉత్తరం చివర ఉంటుంది. చర్చి పేరిట రాస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు ఉందన్న శుభవార్త దాని కిందే. సువార్త సంగతి విమానం దిగాక చూసుకోవచ్చు.

ఈ పిలుపులకి ఒక పద్ధతి ఉంది. పరీక్షల వారంలో రావు. ఆఫీసులో ఆడిట్ జరుగుతున్నప్పుడు రావు. స్కూలు సెలవుల పట్టిక చూసుకుని, చవక టికెట్లు ఎప్పుడున్నాయో కనుక్కుని మరీ వస్తాయి. చర్చికి నాలుగు వీధుల అవతల పాత మోటెల్లో వారం అద్దె కట్టుకుంటూ బతికే కుటుంబం ఉంటుంది. అటువైపు ఎవరికీ పిలుపు రాదు. అక్కడ ఏనుగుల్లేవు మరి.

ఇదేదో నలుగురి సరదా అనుకునేరు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వత్‌నో 2000 దశకంలో వేసిన అంచనా ప్రకారం, ఏటా సుమారు 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకి మిషన్ ట్రిప్పులు వెళ్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో విజయవాడ నగరం మొత్తానికి అంతమంది లేరు. ఊరు ఊరంతా లేచి, ఒకే రంగు టీషర్టులు తొడుక్కుని, వెనక ఒక వాక్యమూ ముందు ఒక దేశపటమూ అచ్చేయించుకుని బయల్దేరిందనుకోండి. ఏడాదికోసారి. మళ్ళీ పది రోజులకి తిరిగొచ్చింది.

థాయిలాండ్‌లో చియాంగ్‌మై అనే ఊరుంది. 1867లో డేనియల్ మెక్‌గిల్వరీ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ భార్యాపిల్లలతో ఆ ఊరు చేరాడు. మూడేళ్ళు తిరక్కుండానే అక్కడి పాలకుడు ఇద్దరు స్థానిక విశ్వాసుల్ని చంపించాడు. కుటుంబం కదల్లేదు. ఈ నూట యాభై ఏళ్ళ పని తర్వాత కూడా థాయిలాండ్‌లో క్రైస్తవులు నూటికి ఒకరు, అటూ ఇటూగా. చియాంగ్‌మైలో మాత్రం మిషన్ సంస్థలకీ, విదేశీ మిషనరీ కుటుంబాలకీ, వాళ్ళ పిల్లల ఇంగ్లీషు బడులకీ, పాన్‌కేకులు పెట్టే హోటళ్ళకీ కొదవలేదు. అందుకే 'మిషనరీ కుటుంబాన్ని దర్శించే' బృందాలకి ఆ ఊరంటే ప్రాణం. పొద్దున ధ్యానం, పది గంటలకి పిల్లలతో అభినయ గీతాలు, మధ్యాహ్నం దోయ్ సుతేప్ గుడి. ఆ గుడికి మూడొందల పైచిలుకు మెట్లు. చీకటి శక్తులకి విరోధంగా ప్రార్థిస్తూ మెట్లెక్కుతారు, పైన ఆ చీకటి శక్తుల బంగారు గోపురం ముందు నిలబడి ఫొటో దిగుతారు. సాయంత్రం నైట్ బజార్. ఆఖరి రెండు రోజులు 'పొందిన అనుభవాలు నెమరు వేసుకోవడానికి' రిసార్టు. బోలెడు అనుభవం కదా, అరగడానికి ఈతకొలను ఉండాలి.

ఇక దర్శించబడే ఇంటి సంగతి. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. థాయ్ భాషలో అయిదు స్వరాలుంటాయి. పలుకు కాస్త ఎత్తితే ఒక అర్థం, దించితే మరొకటి. నాలుక తిరగడానికే ఆ ఇల్లాలికి రెండేళ్ళు పట్టింది. వీధి చివర నూడుల్స్ బండి నడిపే ఆవిడ ఇప్పుడిప్పుడే ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని కొడుకు అప్పుల గోల చెప్పుకోవడం మొదలెట్టింది. మిషనరీ పని అంటూ ఒకటుంటే అది ఆ బండి పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద జరుగుతోంది. సరిగ్గా అప్పుడు ఈమెయిల్ వస్తుంది: మీకు సాయం చేయడానికి పద్నాలుగు మందిమి వస్తున్నాం.

ఆ క్షణం నుంచి నూడుల్స్ బండికి సెలవు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వెలుస్తుంది. ఒకరికి గోధుమ పడదు. ఇద్దరు మాంసం ముట్టరు. ఒక పెద్దాయన నిద్రలో శ్వాస యంత్రం పెట్టుకుంటాడు కాబట్టి మంచం పక్కనే ప్లగ్గు ఉండాలి. ఒకమ్మాయి దేనికైనా సిద్ధమే, పాములు తప్ప. అద్దెకి వ్యాన్ మాట్లాడాలి, పద్నాలుగు దుప్పట్లు ఉతకాలి, ఎయిర్‌పోర్టుకి రెండుసార్లు వెళ్ళాలి, ఎందుకంటే ఒకరి పెట్టె రాలేదు. మూడో రోజు ఇద్దరికి విరేచనాలు. వాళ్ళని ఆస్పత్రిలో కూర్చోబెట్టి, సెలైన్ ఎక్కుతుండగా మిగతా పన్నెండు మందికి దుబాసీ పని చెయ్యాలి. ఇంటి పిల్లల చదువు అటకెక్కింది. అన్నిటికీ మించి నవ్వుతుండాలి. రాత్రి అందరూ గుండ్రంగా కూర్చుని, 'మీకేమైనా భారాలుంటే మనసు విప్పి చెప్పండి, ప్రార్థిస్తాం' అన్నప్పుడు, 'ప్రస్తుతానికి మీరే' అని చెప్పకుండా ఉండాలి.

ఎందుకు చెప్పలేరు? అసలు గుట్టు అక్కడుంది. ఇలాంటి మిషనరీలకి జీతం ఆకాశం నుంచి మన్నాలా పడదు. స్వదేశంలో సంఘం సంఘం తిరిగి, నెలకింతని మాట తీసుకుని వస్తారు. వచ్చినవాళ్ళలో మిషన్ కమిటీ అధ్యక్షుడున్నాడు. ఆయన పక్కన ఆయన భార్య కర్టెన్ల గుడ్డ చూస్తోంది. ఖరీదైందిగా ఉంటే, 'మన కానుకలు ఎటుపోతున్నాయో' అంటుంది. మాసిపోయి ఉంటే, 'ఇల్లు చక్కబెట్టుకోలేనివాళ్ళు సంఘాన్నేం చక్కబెడతారు' అంటుంది. మగపెళ్ళివారు విడిదిలో దిగాక ఆడపిల్ల తండ్రి ఎలా తిరుగుతాడో ఆ మిషనరీ ఆ పది రోజులూ అలా తిరుగుతాడు. తనిఖీకి 'ఆదరణ' అని పేరు పెట్టగలిగినవాళ్ళ ముందు మన స్కూలు ఇన్‌స్పెక్టర్లు ఎందుకూ పనికిరారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. సూట్‌కేసుల్లో ఒకటి ఆ ఇంటి పిల్లల కోసం వస్తుంది. వేరుశనగ వెన్న డబ్బాలు, చాక్లెట్ చిప్స్, చీజ్ పొడి పొట్లంతో సహా మాకరోనీ పెట్టెలు, అమ్మమ్మ రాసిన చీటీ. ఆ పెట్టె తెరిచినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి. మొత్తం యాత్రలో నిఖార్సయిన పరిచర్య ఏదైనా జరిగిందంటే అదే. సూట్‌కేసు ఒక్కటే వచ్చుంటే ఎంత బాగుండేది!

మరి వచ్చినవాళ్ళు పనేమీ చేయరా? చేస్తారు. గోడకి రంగు వేస్తారు. మిషన్ ట్రిప్పు చరిత్రలో గోడకున్న ప్రాముఖ్యం శిలువ తర్వాత మరి దేనికీ లేదు. మెక్సికోలో ఒక చర్చికి ఒకే వేసవిలో ఆరు బృందాలు వచ్చి ఆరుసార్లు రంగు వేశాయని 2008లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. యెరికో గోడలు బూర ఊదితే కూలాయి. ఈ గోడ మాత్రం పూతల బరువుకే కూలాలి. ఆ ఊళ్ళో రంగులేసి బతికేవాడొకడుంటాడు. వాడు చెట్టు కింద కూర్చుని, ఏడో తరగతి దాటని పిల్లలు కిటికీ అద్దాలకి కూడా సున్నం పూయడం చూస్తుంటాడు. వాడి కోసం కూడా ఆ రాత్రి ప్రార్థన జరుగుతుంది: ప్రభువా, ఈ దేశంలో నిరుద్యోగం తొలగించు.

లెక్క కావాలంటే హోండూరస్‌ది ఉంది. 1998లో మిచ్ తుపాను ఆ దేశాన్ని ఊడ్చేశాక ఉత్తర అమెరికా చర్చిలు ఇళ్ళు కట్టడానికి తండోపతండాలుగా వెళ్ళాయి. అక్కడే కాపురమున్న కుర్ట్ వెర్‌బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త, తనూ క్రైస్తవ కళాశాల ఆచార్యుడే, తర్వాత తీరిగ్గా పరిశీలించాడు. స్థానిక క్రైస్తవ సంస్థలు దాదాపు 2,000 డాలర్లకి కట్టే ఇల్లు, ఈ అతిథి మేస్త్రీల ప్రయాణ ఖర్చులన్నీ కలుపుకుంటే దాదాపు 30,000 డాలర్లు తేలింది. పోనీ, పరదేశి చేత్తో కట్టిన ఇంట్లో ఉన్నవాళ్ళ బతుకు ఏమైనా ఎక్కువ మారిందా అంటే, లేదు. పోనీ, వెళ్ళొచ్చినవాళ్ళ చెయ్యి తర్వాత్తర్వాత కానుకలకి ఏమైనా ఎక్కువ లేచిందా అంటే, చెప్పుకోదగ్గంత లేవలేదు. ఒక ఇంటి ఖర్చుకి పదిహేను ఇళ్ళు లేచేవి. కానీ పదిహేను ఇళ్ళు అక్కడివాళ్ళే కట్టుకుంటే ఇటుక పట్టుకుని ఫొటో దిగేదెవరు?

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల ఘట్టం. తెర మీద బొమ్మలు మారుతుంటాయి: ఒక తెల్లపిల్ల ఒళ్ళో ఆరుగురు నల్లపిల్లలు, లేకపోతే గోధుమరంగు పిల్లలు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఆ పిల్ల పేరు మాత్రం అందరికీ తెలుసు. 'వాళ్ళ దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!' అంటుంది. నిజమే పాపం, నువ్వు మిఠాయి పంచుతున్నప్పుడు చూశావు కాబట్టి సంతోషంగానే ఉండుంటారు. ఆ తర్వాత గద్గద స్వరంతో అసలు వాక్యం వస్తుంది: 'మేం ఇచ్చినదానికన్నా పొందిందే ఎక్కువ.' సంఘమంతా ఆమెన్ అంటుంది. ఈ యాత్ర మొత్తంలో ఆడిట్‌కి నిలబడే మాట ఇదొక్కటే.

నవ్వుకుని వదిలేయొచ్చు కదా అంటారా? నవ్వురాని సందర్భాలున్నాయి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. ఆ నెల 29న పదిమంది అమెరికన్లు, ఎక్కువమంది ఐడహో రాష్ట్రపు బాప్టిస్టు సంఘస్థులు, 33 మంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని కాగితాల్లేకుండా డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటబోతూ పట్టుబడ్డారు. అనాథల్ని రక్షిస్తున్నామన్నారు. తీరా విచారిస్తే ఆ పిల్లల తల్లిదండ్రులు బతికే ఉన్నారు. అవతల దేశంలో ఒక హోటలు అద్దెకి తీసుకుని అనాథాశ్రమం పెడదామన్నది పథకం. ఆశ్రమం సిద్ధం, దాతలు సిద్ధం, దర్శనం సిద్ధం. అనాథలే తక్కువయ్యారు, అందుకని సేకరించబోయారు. వాళ్ళు దుర్మార్గులని నేననను. దుర్మార్గులైతే కాగితాలు సరిచూసుకునేవాళ్ళు. దేవుడు పంపాడనుకున్నవాడికి కాగితమెందుకనే ధీమా అది. గోడకి ఏడోపూత వేయించేదీ ఆ ధీమాయే, పరాయి పిల్లని బస్సెక్కించేదీ అదే.

ఈ మాటలు చదివి, మతమార్పిడి ముఠాల గుట్టు రట్టయిందని చంకలు గుద్దుకునే పెద్దమనుషులకి ఒక విన్నపం. నా వాక్యాలు మీకు అప్పివ్వను. ప్రార్థన మందిరం మీద రాళ్ళేసేవాడికి ఈ వ్యాసంలో పాఠమేమీ లేదు. నా పేచీ వెళ్ళి అక్కడ ఉన్నవాళ్ళతో కాదు, వెళ్ళినట్టు కనబడి వచ్చినవాళ్ళతో.

ఉండడమంటే ఏమిటో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1841లో బోస్టన్‌లో ఓడెక్కిన లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరేసరికి 1842 జూలై అయింది. ఈనాటి బృందమైతే ఆ ప్రయాణ కాలంలో ఇరవై దేశాలకి భారం దించుకుని వచ్చేసేది. ఆయన డెబ్భై అయిదు దాటాక కూడా మళ్ళీ ఓడెక్కి వచ్చాడు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పదిహేనేళ్ళు పని చేశాకగానీ ఆస్పత్రి తలుపులు తెరుచుకోలేదు. 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూసింది. ఒంగోలు క్లౌ దొర సంగతి ఇంకా విచిత్రం. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. ఆయన లెక్క వేయడానికి ఏడాది ఆగాడు. మన పది రోజుల అపొస్తలుడు, సాయంత్రం మైదానంలో మిఠాయి కోసం లేచిన చేతుల్ని రాత్రి పడుకోబోయేముందే 'రక్షింపబడిన ఆత్మలు' అన్న గడిలో రాసుకుంటాడు.

అలాగని పాత దొరలకి హారతి పట్టను. బంగళా, పంకా, కొడైకెనాల్‌లో పిల్లల బడి, పాలేరుని అరుగు దగ్గరే నిలబెట్టే పద్ధతి, అన్నీ ఉండేవి. ఆ అరుగు గురించే 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, డోర్నకల్ నుంచి వెళ్ళిన అజరయ్య దొరల మొహం మీదే అన్నాడు: మీ సొమ్ము ఇచ్చారు, మీ ప్రాణాలూ ఇచ్చారు, సరే, ఇప్పుడు స్నేహితుల్ని ఇవ్వండి. ఆ మాటకి సభ గతుక్కుమంది. రెండేళ్ళకే ఆయన భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆయన అడిగిన స్నేహితులు నూరేళ్ళు ఆలస్యంగానైనా వచ్చారు. పద్నాలుగేసి మంది చొప్పున, ఒకే రంగు టీషర్టుల్లో, తిరుగు టికెట్టు జేబులో పెట్టుకుని.

ఇంతసేపూ అమెరికావాణ్ణి చూసి నవ్వుతున్న తెలుగు సహోదరుడా, కుర్చీ కాస్త ముందుకి జరుపుకో. మన ముత్తాతలు కూడా మిషనరీల్ని పంపారు. చెరుకుతోటలకీ తేయాకుతోటలకీ ఒప్పందపు కూలీలుగా నేటాల్ వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం, 1903లో తెలుగు బాప్టిస్టులు సొంతంగా పెట్టుకున్న సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికా పంపింది. ఆయన అక్కడ తోటల్లో సంఘాలు కట్టి, 1915లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. పంపినవాళ్ళు జమీందార్లు కారు. ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాదిగపేటలవాళ్ళు. వాళ్ళలో ఎవరూ రంగయ్య గారి కర్టెన్లు చూడ్డానికి ఓడెక్కలేదు.

ఇప్పుడు వాళ్ళ మునిమనవడు టెక్సాస్‌లోని ప్లేనోలో ఉన్నాడు. ఆయనా మిషన్ ట్రిప్పుకొస్తాడు, డిసెంబరులో. గుంటూరు పక్క పల్లెల్లో రెండు మీటింగులు, తెనాలిలో మేనకోడలి పెళ్ళి, హైదరాబాద్‌లో రెండు పళ్ళకి రూట్ కెనాల్. ఊరి సెంటర్‌లో ఫ్లెక్సీ కడతారు: అంతర్జాతీయ దైవజనులు. రేపల్లెలో పుట్టి ప్లేనో చేరినందుకు ఆ బిరుదు. ఆయన్ని పిలిచిన పల్లె పాస్టర్ గారింట్లో అమ్మగారు మూడు రోజుల ముందే అప్పు చేసి కోళ్ళు తెప్పిస్తుంది. బిస్లరీ సీసాల పెట్టె కొనిపిస్తుంది. బాత్రూముకి కొత్త గొళ్ళెం వేయిస్తుంది. దైవజనుడు చేతులు కడుక్కుని, 'మీ ప్రేమ చూస్తుంటే కళ్ళు చెమరుస్తున్నాయమ్మా' అని, పిల్లల తల మీద చెయ్యి పెట్టి, వెళ్ళేటప్పుడు కవర్లో పెట్టిన మొత్తం ఆ కోళ్ళ బాకీకి సరిపోదు. ఆయన వెళ్ళాక మరో బాకీ మిగుల్తుంది. టూరిస్టు వీసా మీద ప్రసంగాలు కుదరవు. ఓసీఐ కార్డు ఉన్నా 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఆయన తీసుకోలేదు, వేదిక ఫొటోలు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టాడు. స్టేషన్‌కి రమ్మని కబురొచ్చేది ప్లేనోకి కాదు, పల్లె పాస్టర్ గారికి. ఆయన ఆధార్ కార్డు పట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. అంతర్జాతీయ దైవజనులు అప్పటికి దోహాలో విమానం మారుతుంటారు.

విదేశీయులు కూడా అక్కర్లేదు, మన నగర సంఘాలే చాలు. ఈ మధ్య హైదరాబాద్ చర్చిల్లో యూత్‌కి నేపాల్ పిచ్చి పట్టుకుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. కాఠ్మండులో మనవాళ్ళ మిషనరీ కుటుంబం ఒకటి ఉంటుంది, అద్దె కలిసొస్తుంది. అయిదు రోజుల దర్శన పరిచర్య, చివరి రోజు పోఖరాలో పడవ షికారు. సంచుల్లో కరపత్రాలు. నేపాల్ శిక్షాస్మృతి ప్రకారం ఇంకొకరి మతం మార్చబోతే అయిదేళ్ళ దాకా జైలు. ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు రాయించుకుంటుంటే ఒక కుర్రాడు ఇది ఎక్కడో చదివొచ్చి, గొంతు తగ్గించి సంఘపెద్దని అడిగాడు.

'అయ్యగారూ, మనం పంచొచ్చాక అక్కడి పాస్టర్ గారికి ఏమీ ఇబ్బంది రాదు కదండీ?'

సంఘపెద్ద రిజిస్టర్లోంచి తలెత్తకుండానే అన్నాడు: 'మనం బుధవారానికే వచ్చేస్తున్నాం కదరా అబ్బాయ్.'